సంగారెడ్డి పాత చెఱసాలను చూచివచ్చితిమి

ప్రదర్శనశాల యనగానే మనకు రాజుల కత్తులు, రాణుల నగలు, విఱిగిన విగ్రహములు స్ఫురించును. అవి చూడదగినవే. కాని మనవంటి సామాన్య గృహస్థుల యిండ్లలో నడచిన చరిత్రను ఎచ్చట చూడగలము? మా పెద్దలు కత్తి పట్టినవారు కారు, జొన్నచేను దున్నినవారు. వారి గుర్తులు అద్దాల బీరువాలలో నుండవు. అయినను అట్టి గుర్తు నొకదానిని మేము ఇటీవల సంగారెడ్డిలో చూచివచ్చితిమి. ఆ సంగతి మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది నారాయణఖేడు. తెలుగు, కన్నడము, మరాఠీ మూడును బజారులో వినవచ్చు సరిహద్దు ఊరు. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీ వఱకు మా తాలూకా హైదరాబాదు రాష్ట్రములోని బీదరు జిల్లాకు చేరియుండెను. ఆనాడు భాషలనుబట్టి రాష్ట్రములను విభజించినప్పుడు బీదరు పట్టణము మైసూరు రాష్ట్రమునకు పోయినది. మా తాలూకాయు, జహీరాబాదు ప్రాంతమును ఆంధ్రప్రదేశములోని మెదకు జిల్లాలో కలిసినవి. జిల్లాకు పేరు మెదకే గాని పెద్ద కచేరీలు సంగారెడ్డిలో నుండెను. మరల 2014 జూను 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడినది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డియే జిల్లాయైనది. మా పెద్దత్తగారు 1950లో జన్మించిరి. పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండును ఈ తాలూకాలోనివే. ఊరు విడువకయే ఆమె మూడు జిల్లాలును మూడు రాష్ట్రములును చూచిరి! ఇవి పటములో గీతలే యని మనము తలంతుము. కాని గీత మాఱినప్పుడు వ్యాజ్యము వచ్చినవాడు నడువవలసిన త్రోవయు మాఱును, శిక్ష పడినవాని నుంచు తావును మాఱును. మా కథకు ఇదియే మూలము.

సంగారెడ్డి చెఱసాల 1796వ సంవత్సరమున, రెండవ ఆసఫ్‌జాయగు నిజాం అలీఖాను పాలనలో కట్టబడినది. నిజాముల కాలము గడచి, స్వరాజ్యము వచ్చిన పిదపను అది చెఱసాలగానే యుండెను. కందిలో క్రొత్త జైలు సిద్ధమైన పిమ్మట, 2012లో దీనిని విడిచిరి. అంతటితో అది పాడుపడిపోవలసినదే. కాని జైళ్లశాఖవారు దానిని బాగుచేసి 2016లో ప్రదర్శనశాలగా తెఱచిరి. అంతేకాక, ఐదువందల రూపాయలు చెల్లించినవారు ఇరువదినాలుగు గంటలు ఖైదీలవలె లోపల నుండవచ్చునని యొక యేర్పాటును గావించిరి. అట్టివారికి ఖద్దరు బట్టలు, కంచము, గ్లాసు, సబ్బు, పడక ఇచ్చి, జైలు భోజనము పెట్టుదురని, తాము పండుకొను గదిని తామే ఊడ్చుకొనవలెనని నాటి నిబంధన. ఈ వార్త దేశదేశముల పత్రికలలో వెలువడినది.

మా వీధి కుఱ్ఱవాడొకడు ఆ చోటును చూచివచ్చి, మా యరుగుమీద కూర్చుండి వేడుకగా చెప్పుచుండెను. మేమందఱము నవ్వుచు వినుచుంటిమి. పెద్దత్తగారు మాత్రము నవ్వలేదు. వాడు వెళ్లిన తరువాత, చేటలోని పప్పు నట్లే యుంచి, "మా నాయన గండ్లనే ఉండె బిడ్డా, ఆర్నెల్లు" అనిరి. ఆ మాట ఆమె నోట అరువది యేండ్లకు పైగా వెలువడలేదు. ఆ యింటికి కోడండ్రమై వచ్చి ముప్పది యేండ్లైన మాకును అది క్రొత్తయే.

జరిగినదేమనగా, 1962లో ఆమె తండ్రికిని జ్ఞాతి యొకనికిని చేని గట్టు విషయమై తగవు వచ్చినది. మాట పెరిగి ఆయన కఱ్ఱతో కొట్టినాడు. జ్ఞాతికి చేయి విఱిగినది. ఆయనకు ఆరునెలల శిక్ష పడినది. తాలూకా బీదరు జిల్లాలో నుండినచో ఆయనను ఏ బీదరునకో పంపియుందురు. మెదకు జిల్లాలో కలిసినది గనుక సంగారెడ్డికి పంపిరి. పెద్దత్తగారికి అప్పటికి పండ్రెండేండ్లు. ఆమె తల్లి పిల్లలతో, "నాయన షోలాపూరు మిల్లుల పనికి పోయిండు" అని చెప్పినది. మా వైపువారు బ్రతుకుదెరువునకు షోలాపూరు, బొంబాయి పోవుట క్రొత్త గాదు గనుక ఎవ్వరును ప్రశ్నింపలేదు. తెలిసిన పెద్దలు ఆడపిల్లల పెండ్లిండ్లు తలంచి నోరు మూసికొనిరి.

ఆ యేడు శివరాత్రికి తల్లి పిల్లలను తన చెల్లెలికి అప్పగించి, ఏడుపాయల జాతరకు పోవుచున్నానని చెప్పి బయలుదేఱినదట. మూడవనాడు తిరిగివచ్చి కూతురి చేతులకు ఆకుపచ్చని గాజులు తొడిగినది. జాతరగాజులని పెద్దత్తగారు ఊరంత చూపుకొనిరి. 1991లో తల్లి కన్నుమూయుటకు ముందు చెప్పిన మాటవలన గాని అసలు సంగతి ఆమెకు తెలియలేదు. తల్లి జాతరకు పోలేదు. జొన్నరొట్టెలు మూటగట్టుకొని, జోగిపేట వఱకు బండిలోను, అచ్చటినుండి బస్సులోను సంగారెడ్డికి పోయి, చెఱసాలలోని భర్తను చూచివచ్చినది. గాజులు సంగారెడ్డి బజారులో కొన్నవి.

"చచ్చిపోయేలోపట ఆ జాగ ఒక్కసారి చూస్త" అని పెద్దత్తగారు కోరిరి. తోడికోడండ్రము ఇరువురము, కాలేజీలో చదువు మా పిల్ల, ఆమె కలిసి నలుగురము ఒకనాటి ఉదయమున బయలుదేఱితిమి. 2023 డిసెంబరు 9 మొదలు ప్రభుత్వపు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మన రాష్ట్రపు స్త్రీలకు చార్జీ లేదు. ఆధారుకార్డు చూపి సున్నా టికెట్టు పుచ్చుకొంటిమి. పెద్దశంకరంపేట దాటి, జోగిపేట దాటి, మంజీర వంతెన మీదుగా పోవు త్రోవ అది. సంగారెడ్డి పట్టణము శంకరమ్మ రాణి కుమారుని పేర వెలసినదని పెద్దలు చెప్పుదురు. ఒక తల్లి తన కుమారుని పేర ఊరు నిలిపినదట. మఱియొక తల్లి ఆ యూరి పేరే కూతురికడ పలుకలేకపోయినది. బస్సులో మాకు కలిగిన తలంపిది.

చెఱసాల యనగా మేము చీకటికొట్టు నూహించితిమి. ఎత్తైన గోడలు, ఇనుపకమ్మీల తలుపులు, వరుసగా బారకులు చూచితిమి. స్త్రీలకు వేరుగా బారకు ఉండెనని తెలిసి పెద్దత్తగారు ఆశ్చర్యపడి, "ఆడోళ్లు ఇండ్ల ఉంటె పిల్లలను ఎవరు చూసిన్రు?" అని అడిగిరి. ప్రదర్శనశాలలో ఏ పలకమీదను వ్రాయని ప్రశ్న యది. మేము బదులు చెప్పలేకపోతిమి. ఒక బారకు కమ్మీలు పట్టుకొని ఆమె కొంతసేపు లోపలికి చూచిరి. తండ్రి ఏ బారకులో నుండెనో వెదకుమని మమ్ము కోరలేదు. ఆరునెలలుండిపోయిన ఒక రైతు పేరు గోడలమీద నుండదని ఆమెకు తెలియును.

ఐదువందలిచ్చి ఒకదినము లోపలుండు ఏర్పాటును గూర్చి పిల్ల మరల వివరించినది. అది విని పెద్దత్తగారు, "పైసలిచ్చి ఒక్కదినం లోపటుంటరా? మా అవ్వ ఆర్నెల్లు బయటుండె. దానికి లెక్క ఎవ్వరు రాసిన్రు?" అనిరి.

ఈ మాట మమ్మును నిలిపివేసినది. నిజమే కదా! పురుషుడు లోపల నుండిన ఆరునెలలకు సర్కారు లెక్క యున్నది. ఏ తేదీన వచ్చెనో, ఏ తేదీన వెడలెనో ఏదో యొక పుస్తకములో నెక్కించియే యుందురు. ఆ ఆరునెలలు చేను కోయించినదెవరు? అప్పు తీర్చినదెవరు? పిల్లలకు కలతలేకుండ షోలాపూరు కథ నల్లి, ఆ కథకు తగినట్లు ప్రతిదినము ముఖము నిలుపుకొన్నదెవరు? దానికి పుస్తకము లేదు. చెఱసాల గోడలకు లోపల ఒక చరిత్రయున్నది. వెలుపల మఱియొకటి యున్నది. వెలుపలిది ఆడవారిది.

తిరిగి వచ్చునప్పుడు పెద్దత్తగారు వాకిలి దాటి, గోడప్రక్కను కొంచెము నీడ చూచి కూర్చుండిరి. "అవ్వ గీడ్నే ఎక్కడనో నిలవడ్డదేమో, రొట్టెల మూట పట్టుకొని" అనిరి. ఆమె కండ్లలో నీరు లేదు. లోపల చూచిన దానికంటె ఆమెకు ఈ నేలయే ముఖ్యముగా తోచినది. పిదప బజారునకు పోయి పిల్లకు ఒక డజను ఆకుపచ్చ గాజులు కొనిరి. వెల పిల్ల ఈయబోగా ఒప్పుకొనలేదు.

ఆ రాత్రి భోజనములయిన పిమ్మట ఆమె మగవారినందఱను కూర్చుండబెట్టి ఆ కథ తానే చెప్పిరి. మా బావగారు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఇన్నేండ్లు ఒక్కదానివే మోసితివా చిన్నమ్మా!" అని మాత్ర మనిరి. ఇంటికి ఏ అప్రతిష్ఠయు రాలేదు. భయపడినంత ఏదియు జరుగలేదు. నాటి తల్లి భయము నాటికి సరియైనదే. ఆమెను మేము తప్పుపట్టము. కాని అవసరము తీఱిన పిదపను మూతబెట్టిన మాట, తరువాతివారి నెత్తిమీది బరువే యగునని మేము తెలిసికొంటిమి.

చెఱసాలలు ప్రదర్శనశాలలగుట లోకములో క్రొత్తగాదు. 1906లో పూర్తియైన అండమానులోని సెల్యులార్ జైలు 1979లో జాతీయ స్మారకమైనది. నెల్సన్ మండేలా పదునెనిమిదేండ్లు బంధింపబడిన దక్షిణాఫ్రికాలోని రాబెన్ ద్వీపము 1997లో ప్రదర్శనశాలయైనది. అచ్చట మహాపురుషుల పేర్లున్నవి, పోయినవారు చేతులు జోడింతురు. మన జిల్లా చెఱసాలలలో నుండినవారిలో పెక్కురు మహాపురుషులు కారు. గట్టుతగవులవారు, కోపము నాపుకొనలేనివారు, బీదవారు. వారును ఈ దేశపు ప్రజలే, వారి భార్యాబిడ్డలును ప్రజలే.

మా జిల్లాలోనే కొండాపురమను ఊరిలో 1940 ప్రాంతమున నిజాము ప్రభుత్వపు పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపిరి. శాతవాహనులనాటి పట్టణము బయల్పడినది. నాణెములు, మట్టిబొమ్మలు, ఆడవారు ధరించిన పూసలు దొరికినవి. వానికి అచ్చట ప్రదర్శనశాలయు నున్నది. దాదాపు రెండువేల యేండ్ల క్రిందటి పూసలను మట్టి భద్రపఱచినది. అరువదియేండ్ల క్రిందటి గాజులను గూర్చిన మాటను మనము భద్రపఱుపలేమా?

కావున చదువరులగు సోదరీమణులకు మా మనవి. ఇట్టి చోట్లకు పోవునప్పుడు పిల్లలనే గాక ఇంటి ముసలివారిని వెంటబెట్టుకొని పొండు. వారు నడువలేరని వెనుదీయకుడు. తలుపు, గోడ, పాత్ర, ఏదో యొకటి చూచి వారికి మాట జ్ఞప్తికి రావచ్చును. వచ్చినప్పుడు తొందరపెట్టక వినుడు. ఇంటికి వచ్చి ఒక పుస్తకములో సంవత్సరము వేసి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసియుంచుడు. మా పిల్ల ఆ పని మొదలుపెట్టినది. మొదటి పుటలో ఆమె వ్రాసినది చెఱసాల కట్టిన 1796వ సంవత్సరము కాదు. తన ముత్తవ్వ రొట్టెల మూటతో జోగిపేటకు బండియెక్కిన శివరాత్రి.