కార్డు మన పేరు మీద, ఖర్చు ఇంటిల్లిపాదిదీ

పెనుకొండ దగ్గర కియా, దాని చుట్టూ ఉండే కంపెనీలు, హిందూపురం గార్మెంట్స్, ధర్మవరం పట్టుచీరల అంగళ్లు... ఇప్పుడు మనోళ్లు చాలామంది నెల జీతానికి పనిచేస్తున్నారు. జీతం బ్యాంకులో పడటం మొదలైతే చాలు, క్రెడిట్ కార్డు తీసుకోమని ఫోన్లు వస్తాయి. ఏది తీసుకోవాలని తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నారు కాబట్టి మాకు తెలిసింది రాస్తున్నాం.

ఖర్చును బట్టి కార్డు ఎంచుకోవాలని అందరూ చెప్తారు. అయితే మన ఖర్చంటే మన ఒక్కరిదే కాదు కదప్పా. ఇంట్లో మొదటి జీతం మనదే. నాయనకు శెనక్కాయ విత్తనాలు, అమ్మ ఆసుపత్రి, చెల్లి ఫీజు, అన్నీ ఆ కార్డు మీదికే వస్తాయి. అందుకే ముందు మూడు నెలల ఖర్చు రాసుకోండి. మనది ఒక పక్క, ఇంటిది ఒక పక్క.

మన పక్కన పెట్రోలు, కిరాణా, రీచార్జి ఉంటాయి. దానికి ఏడాది ఫీజు లేని కార్డు ఒకటి చాలు. రూపే క్రెడిట్ కార్డయితే యూపీఐకి కలుపుకొని అంగట్లో స్కాన్ చేయొచ్చు. ఎయిర్‌పోర్టు లాంజి ఫ్రీ అని ఫీజు కట్టే కార్డు మనకెందుకు? మనం ధర్మవరం జంక్షన్‌లో రైలెక్కేవాళ్లం.

ఇంటి పక్కన రాసినవి మాత్రం ఈ కార్డు మీద వేయొద్దు. తండాలో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటేనే భయపడతాం. చాలా కార్డుల్లో అది నెలకు మూడున్నర దాకా ఉంది. 20,000 బాకీ ఉంచితే నెలకు వడ్డీ 700, దానిమీద 18 శాతం జీఎస్టీ 126. "మినిమమ్ డ్యూ" అని 1,000 కడితే అసలులో తగ్గేది 174 రూపాయలే. ఏటీఎంలో క్యాష్ తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ.

సేద్యానికి వేరే కార్డే ఉంది: కిసాన్ క్రెడిట్ కార్డు. నాయన పేరు మీద భూమి ఉంటే బ్యాంకులో అడగండి. 3 లక్షల లోపు పంట రుణం గడువులోగా కడితే ఏడాదికి 4 శాతమే పడుతుంది. ఆసుపత్రికి, ఫీజుకు అమ్మ పొదుపు సంఘంలో అప్పు దొరుకుతుందేమో ముందు చూడండి.

బిల్లు మొత్తం ప్రతినెలా కట్టగలిగినంతే గీకండి. బాకీలు పడితే సిబిల్ స్కోరు పడిపోతుంది. రేపు చెల్లి చదువుకు లోన్ అడిగినప్పుడు బ్యాంకోళ్లు చూసేది మన స్కోరునూ. మూడు నెలల లెక్క రాసినాక ఏ కార్డూ వద్దనిపిస్తే, అదీ సరైన ఎంపికే.