కొత్తా కాదు, పాతా కాదు

కొన్ని మాటలకు మన భాషలో చుట్టాలు లేరు. "రీకండిషన్డ్" అలాంటి మాటే. పాతది అందామంటే పెట్టె కొత్తగా మెరుస్తూ ఉంటుంది. కొత్తది అందామంటే ధర చూస్తే నమ్మబుద్ధి కాదు. పెళ్ళిచూపుల్లో "అబ్బాయికి ఇదివరకు ఒక సంబంధం కుదిరి తప్పిపోయింది లెండి" అన్నట్టు, విన్నవాళ్ళ మొహం మీద ఒక ప్రశ్న మిగిల్చి ఊరుకుంటుంది.

నవలలు రాసుకునే ఆవిడకు రంపాలతో, డ్రిల్లులతో ఏం పని అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పులేదు. బి.ఏ.లో నేను చదివింది చరిత్ర, సాహిత్యం. కరెంటు గురించి నాకు తెలిసిందల్లా అది పోతే చీకటవుతుందని. కాని తెలకపల్లిలాంటి ఊళ్ళో నాలుగక్షరాలు నేర్చిన ఆడది అంటే పింఛను కాగితం మొదలు మిషను గ్యారంటీ కార్డు దాకా చదివిపెట్టాల్సిన మనిషి. అలాగే నా దగ్గరికి వచ్చింది ఈ వ్యవహారం.

తెచ్చింది మా వీధి చివర వడ్లాయన భార్య. ఆయన చిత్రిక పట్టే చేతికి ఇక కరెంటు మిషను కావాలి. తలుపులు, కిటికీలు చేయించేవాళ్ళు ఎదురుచూడడం మానేశారు. రెండు రోజుల్లో ఇవ్వకపోతే నాగర్‌కర్నూలు పోయి రెడీమేడ్ తలుపు బండి మీద వేసుకొస్తున్నారు. హైదరాబాదులో ఎవరో రీకండిషన్ మిషన్లు అమ్ముతున్నారని తెలిసి, కాగితం తెప్పించారు.

"అక్కా, కంపెనోళ్ళే బాగుజేసి ఇస్తున్నరంట. ఐదు వేల మిషను మూడున్నరకే వొస్తదంట. తీస్కోమంటవా?" అంది.

"పైసలెవరివి చెల్లె?"

"సంఘంల లోను నా పేర్న ఎత్తుతున్న. మిషను ఆయనది, కిస్తీ నాది."

ఆ ఒక్క మాటతో హాస్యం కాస్తా పక్కకు తప్పుకుంది. మిషను ఆగిపోతే కిస్తీ ఆగదు కదా!

ముందు అసలు సంగతి చూద్దాం. చేత్తో పట్టుకునే కరెంటు డ్రిల్లును జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ సంస్థ 1895లో చేసింది. అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ వాళ్ళు 1917లో దానికి పిస్తోలు పిడీ, వేలితో నొక్కే మీటా పెట్టి పేటెంటు తీసుకున్నారు. అప్పటినుంచి ఇప్పటిదాకా వైరుతో నడిచే ఈ మిషన్ల కడుపులో ఉండేది ఇంచుమించు ఒకటే: తిరిగే ఆర్మేచరు, దాన్ని రాసుకుంటూ కరెంటు అందించే రెండు బొగ్గు ముక్కలు, బేరింగులు, పళ్ళ చక్రాలు, ఒక స్విచ్చి. బొగ్గు ముక్కలు అరగడానికే పుట్టాయి. అవి అరిగితే మార్చడం చవక. బేరింగు మార్చడం ఒక మోస్తరు. ఆర్మేచరు కాలితే మాత్రం ఖర్చు కొత్త మిషను వైపు చూడమంటుంది. అంటే, మిషను పాతదా అన్న ప్రశ్న కన్నా దాంట్లో ఏది అరిగింది, ఏది మార్చారు అన్నదే అసలు ప్రశ్న.

కంపెనీ రీకండిషన్ అంటే, అమ్ముడుపోయి తిరిగొచ్చిన సరుకును చేసిన కంపెనీయే విప్పి, పరీక్షించి, పనికిరాని భాగాలు తీసి సొంత భాగాలే వేసి, మళ్ళీ తన గ్యారంటీతో అమ్మడం. అమెరికాలో ఇది పెద్ద వ్యాపారం. ఎందుకంటారా? అక్కడ కొన్నది నచ్చకపోతే తిరిగిచ్చేయడం తేలిక. పరదాల కడ్డీకి నాలుగు రంధ్రాలు వేసుకుని, ఆదివారం సాయంత్రానికల్లా "నాకు సరిపడలేదు" అని డ్రిల్లును దుకాణంలో అప్పజెప్పే మహానుభావులున్నారట. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారేమో నేను చెప్పను. అలాంటి నాలుగు రంధ్రాల డ్రిల్లు తక్కువ ధరకు దొరికితే అది బేరమే, సందేహం లేదు.

మా అన్నయ్య కొడుకు డల్లాసు నుంచి అలాంటిదే ఒకటి తెచ్చాడు. నల్లపెట్టెలో ముద్దుగా ఉంది. ఉత్సాహంగా ప్లగ్గులో పెట్టబోతుంటే మా వడ్లాయన ఆపి, మిషను మీద అతికించిన రేకు చదవమన్నాడు. 120 వోల్టులని ఉంది. మన ఇంట్లో వచ్చేది 230. ఇలాంటి మిషను 60 సైకిళ్ళ కరెంటుకు బదులు మన 50కి సర్దుకుపోతుందిగాని, రెండింతల వోల్టులకు మాత్రం సర్దుకోలేదు, కాలి ఊరుకుంటుంది. వోల్టులు తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కొనాలంటే, దాని ధరా బరువూ చూశాక అక్కడ మిగిలిన డాలర్లన్నీ ఇక్కడ కరిగిపోయాయి. ఇప్పుడది మా ఇంట్లో ప్రదర్శన వస్తువు. విదేశీ అల్లుడిలాగా అందరూ చూసి మెచ్చుకుంటారు, పని మాత్రం ఎవరూ చెప్పరు.

మరి మన దగ్గర? ఫోన్లూ కంప్యూటర్లూ ఇలా బాగుచేసి అమ్మడం మనకూ బాగానే వచ్చింది. రంపాలూ డ్రిల్లుల దగ్గరికొచ్చేసరికి మా వైపు "రీకండిషన్" అంటే చాలాసార్లు దుకాణంవాడు తుడిచి, రంగు వేసిందే. అది పాపమేమీ కాదు, పాత సామాను ఎప్పుడూ ఉన్నదే. కాని దానికీ దీనికీ పేరు ఒకటి కారాదు.

మనకిది కొత్త విద్య కూడా కాదు సుమండీ. ఇత్తడి గిన్నెలకు కళాయి పోయించడం ఏమిటి? రోటికీ విసుర్రాయికీ గంట్లు పెట్టించడం ఏమిటి? నవసాగరం పొగలో తగరం మెరిసిందంటే గిన్నె మరో ఏడాదికి కొత్తదే. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు కుప్పడంతో కలుపుతారు. నూలు చిరిగినా అంచు బాగుంటే విప్పి మరో చీరకు కుట్టుకునే ఇల్లాళ్ళు మనలో ఎంతమంది లేరు! ఏది మన్నిందో, ఏది మన్నలేదో మనకు తెలిసే చేశాం. తెలియకుండా కొన్నప్పుడే చిక్కు.

ఈ విషయంలో పాలమూరు రైతును మించిన పండితుడు లేడు. బోరు మోటారు కాలడం, వైండింగు చేయించడం అతనికి జ్వరమూ మాత్రా లాంటివి. వైండింగు మేస్త్రీని అడిగితే ఒక్క ఊపులో పాఠం చెప్పాడు: "అమ్మా, పాత తీగ ఎంత లావుందో గంతే లావుది, ఎన్ని చుట్లున్నయో గన్ని చుట్లు ఎయ్యాలె. సన్న తీగ ఏసినమనుకో, ఎక్కువ కాకెక్కి మల్ల కాల్తది. పాతది తీసేటప్పుడు మంట ఎక్కువ పెట్టినా లోపలి ఇనుప రేకులు ఖరాబైతయ్." అంటే బాగుచేసిన మోటారు కొత్తదానిలా పనిచేయడమూ, కరెంటు ఎక్కువ తిని వేడెక్కడమూ, రెండూ ఉన్నాయి. పైన రంగు చూస్తే ఏది ఏదో తెలియదు. చేసిన చెయ్యి ఎవరిదో తెలియాలి.

ఇప్పుడు మన కాగితానికొద్దాం. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం మూడుసార్లు చదివాను. గ్యారంటీ మూడు నెలలు. ఇచ్చేది దుకాణం, కంపెనీ కాదు. మిషను చెడితే దుకాణానికే తెచ్చివ్వాలి. ఏ భాగాలు మార్చారో ఒక్క ముక్క లేదు. వరుస నంబరు రాయాల్సిన చోట ఖాళీ.

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. మిగిలేది పదిహేను వందలు. చిత్రిక మిషను ఆయనకు రోజూ కావాలి. ఒక్కసారి ఆగిందనుకోండి, హైదరాబాదు పోయి ఇచ్చి రావడానికి ఒక రోజు, తెచ్చుకోవడానికి ఇంకో రోజు, బస్సు చార్జీలు, ఈలోపు తలుపు అడిగినవాడు మరో వడ్లాయన్ని చూసుకోవడం. పదిహేను వందలు అక్కడే ఆవిరి. రోజూ తిరిగే మిషనుకు నాగర్‌కర్నూలులోనో మహబూబ్‌నగర్‌లోనో బాగుచేసే మనిషి, దొరికే విడిభాగం, కంపెనీ సంతకం ఉండాలి. అవి ఉంటే రీకండిషనైనా సరే. లేకుంటే కొత్తదే చవక.

నెలకోసారి వాడే వస్తువు సంగతి వేరు. వంకర కోతల రంపం ఆయనకు పూజగది తలుపులకు తప్ప అక్కరలేదు. అది పాతది కొన్నా నష్టం లేదు. కొనేముందు ఐదు నిమిషాలు నడిపించి చూడాలి. బొగ్గుల దగ్గర నిప్పురవ్వలు చిన్నగా ఉంటే ఫరవాలేదు, చుట్టూ వలయంలా తిరిగితే వద్దు. గరగర చప్పుడుంటే బేరింగు పోయినట్టు. కాలిన వాసన వస్తే ఆర్మేచరు సంగతి చూసుకోవాలి. వైరుకు టేపు చుట్టి ఉంటే, మూడు కాళ్ళ ప్లగ్గులో ఒక కాలు విరిచి ఉంటే, నమస్కారం పెట్టి రావాలి. ఇక గార్డు తీసేసిన గ్రైండరు దానం చేసినా పుచ్చుకోరాదు. దాని బిళ్ళ పగిలితే ముక్క ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. వేళ్ళూ కళ్ళూ రీకండిషన్ చేసే కంపెనీ ఇంకా పుట్టలేదు.

ఇంకో మాట కూడా ఆవిడ చెవిన వేశాను. 2023 సెప్టెంబరు 17న కేంద్రం మొదలుపెట్టిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని పద్దెనిమిది వృత్తుల్లో వడ్రంగం ఒకటి. అందులో పనిముట్లకు పదిహేను వేల దాకా సాయం, ఐదు శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా అప్పు అని పెట్టారు. సంఘం అప్పు ఎత్తేముందు ఆ తలుపు తట్టి చూడమన్నాను. తలుపులు చేసేవాళ్ళకు తలుపు తట్టడం చెప్పాలా అని ఆయన నవ్వాడు.

చివరికి వాళ్ళు చిత్రిక మిషను కొత్తది, గ్యారంటీ కార్డు మీద ముద్ర వేయించుకుని కొన్నారు. వంకర రంపం మాత్రం పాతదే, ఊళ్ళోనే ఒకాయన పని మానేసి అమ్ముతుంటే నడిపించి చూసి తీసుకున్నారు. ఆవిడ కొత్త కార్డును మడతపెట్టి సంఘం పుస్తకంలో దాచుకుంటూ అంది:

"ఆయన మిషను భద్రంగ జూస్తడు అక్కా, నేను కాగితం భద్రంగ జూస్త."

కొనేవాళ్ళకు ఇంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు.