రెండు రౌండ్లు కొడితే నాలుగొందలు

దసరాకి వరంగల్ దగ్గర మా ఊరెళ్తే, పొద్దున్నే జెడ్పీ హైస్కూల్ గ్రౌండ్‌కి పోతాను. 400 మీటర్ల ట్రాక్‌కి చోటు లేదు. పీఈటీ సార్ సున్నంతో 200 మీటర్లే గీస్తారు, వానొస్తే అదీ పోతుంది. స్పైక్స్ ఎవరికీ లేవు, వట్టి కాళ్లే.

ఈసారి తొమ్మిదో క్లాసు పాప ఒకతి రెండు రౌండ్లు కొట్టింది. నా ఫోన్‌లో 74 సెకన్లు.

"దీప్తక్క టైమెంతన్నా?"

మా జిల్లా కల్లెడ బిడ్డ జీవంజి దీప్తి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లకే 400 మీటర్లు పరిగెత్తి కాంస్యం తెచ్చింది.

పాప వేళ్ల మీద లెక్కేసింది. "ఇంకా పద్దెనిమిదే! కానీ పదో క్లాసయ్యాక మాన్పిస్తరట."

ర్యాంకు కోసం నేనూ అప్పుడే మానేశాను. ఏం చెప్పాలో తోచలేదు. స్టాప్‌వాచ్ మళ్లీ సున్నా చేశాను.