పాటకు భాష అడ్డా?

అర్థంగాని భాషలో పాటలెందుకని అడిగేవాళ్లకు మన మదనపల్లెలోనే జవాబుంది. ఠాగూర్ 1919లో ఇక్కడే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడు. మాటల అర్థం తెలియకముందే ఆ పాటకు మనమంతా లేచి నిలబడ్డాం గదా!

నా మట్టుకు, ఆల్బమ్ అయినా సినిమా పాటలైనా మొదటినుంచి చివరిదాకా నిలవాలి. సాలూరి రాజేశ్వరరావు 'మల్లీశ్వరి' (1951) అట్లా నిలుస్తుంది. దేవులపల్లి మాటను బాణీ నుంచి విడదీయలేం. ఇళయరాజా తొలి చిత్రం, తమిళ 'అన్నక్కిళి' (1976)లో మాటలు సగమే తెలిసినా, మా తంబళ్లపల్లె చెనక్కాయ చేలల్లో కలుపుదీసేవాళ్ల గొంతు వినిపిస్తుంది. బీటిల్స్ 'అబ్బీ రోడ్' (1969) రికార్డు రెండోవైపు చిన్న చిన్న పాటలు ఒకదాన్నొకటి అందుకొని పోతాయి. 'శంకరాభరణం' (1980) గొప్పదే. కానీ వింటుంటే నాకు పాటకంటే సినిమానే ముందు కనబడుతుంది.

నచ్చిన పాటకు అర్థం ఎవర్నైనా అడిగి తెలుసుకుంటాం. నచ్చనిది సొంత భాషదైనా ఎవరడుగుతారు?