పూటకూళ్ళమ్మ యింట్లో అంట్లు తోమిందెవరు?

కంచరపాలెంలో మేము ఆదివారం సాయంత్రాలు కూర్చునే గది రైలు పట్టాలకు దగ్గర. గూడ్సు బండి పోతున్నంతసేపూ చదివేవాళ్ళు చదవడం ఆపాలి. వూరికే వుండలేక మాలో చిన్నవాళ్ళు పెట్టెలు లెక్కపెడతారు. పెద్దవాళ్ళం మాత్రం అంతదాకా విన్నదానిమీద ఒక అభిప్రాయం తయారు చేసుకొంటాం. బండి దాటిపోయేసరికి, కథ పూర్తి కాకుండానే, తీర్పు సిద్ధంగా వుంటుంది. ముప్ఫై యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన నాకు యీ అలవాటు మరింత ఎక్కువ. ఇప్పుడు చెప్పబోయేది అలాటి ఒక తీర్పు సంగతి.

మా గదికి వచ్చేవాళ్ళలో పాలిటెక్నిక్ విద్యార్థులున్నారు, డిగ్రీ చదివే పిల్లలున్నారు, ఇద్దరు బడిపంతుళ్ళు, రైల్వేలో గుమాస్తాగా చేసి దిగిపోయిన మిత్రుడొకాయన. మొదట్లో అందరూ సొంత కథలే తెచ్చేవారు. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా వచ్చాక ధోరణి మారింది. ఆ సినిమాలో నటించినవాళ్ళలో చాలామంది యిక్కడి మామూలు మనుషులు. తెరమీద తమ వీధి మనుషులు కనిపించేసరికి, పెళ్ళి వయసు దాటిన ఆ అటెండరు రాజు తర్వాత ఏమయ్యాడో తామే చెప్పాలని పిల్లలకు బుద్ధి పుట్టింది. ఒకడు ఒకలా చెప్పాడు. మరొకడు అది కాదని యింకోలా చెప్పాడు. అక్కడినుంచి కన్యాశుల్కంమీద పడ్డారు. విజయనగరంలో మొదలైన ఆ నాటకం చివరికి విశాఖపట్నం చేరుతుంది గదా, సౌజన్యారావు పంతులు మన వూరివాడే గదా అని వాళ్ళ వాదన. ఏడాది తిరిగేసరికి గిరీశానికీ, బుచ్చమ్మకీ, మధురవాణికీ కొనసాగింపులు మా దగ్గర ఒక అట్టపెట్టె నిండా పోగయ్యాయి.

పరాయి రచయిత పాత్రలను తీసుకొని అభిమానులు కథలల్లడాన్ని ఇప్పుడు ఫాన్ ఫిక్షన్ అంటున్నారు. సొంత సరుకు లేనివాళ్ళ పని అని మన పెద్ద రచయితలు కొందరు దీన్ని ఈసడించడం విన్నాను. వాళ్ళు తమ యింటి సరుకు చూసుకోలేదని నా అభిప్రాయం. ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోయిందనీ, తిరిగివచ్చిన లక్ష్మణుణ్ణి పరాయి మగవాడనుకొని కోప్పడిందనీ వాల్మీకి చెప్పలేదు. దంపుళ్ళ దగ్గరా, ఊయెల దగ్గరా పాడుకొన్న మన ఆడవాళ్ళు చెప్పారు. శశిరేఖ వ్యాసభారతంలో లేదు. 1957లో ‘మాయాబజార్’ చూసిన తెలుగువాడికి మాత్రం ఆమె లేని భారతం భారతమే కాదు. ఆ సినిమాలో పాండవులు తెరమీదికే రారని కూడా చాలామంది గమనించరు. ఉత్తరకాండలో నాలుగు మాటలకు మించి నోచుకోని శంబూకుణ్ణి త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో నాటకానికి నాయకుణ్ణి చేశాడు. ఓల్గా ‘విముక్త’లో సీత వెళ్ళి శూర్పణఖతో మాట్లాడుతుంది, ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ముళ్ళపూడి వెంకటరమణ గిరీశం చేత సినిమాలమీద లెక్చర్లిప్పించాడు. పెన్నేపల్లి గోపాలకృష్ణ మధురవాణికి ఆత్మకథే రాసిపెట్టాడు. అంతెందుకు, 1897లో అచ్చయిన తన నాటకాన్నే గురజాడ మళ్ళీ పట్టుకొని, 1909 నాటికి దాదాపు కొత్త నాటకం చేశాడు. మధురవాణి మనకు తెలిసిన మధురవాణిగా పెరిగింది ఆ రెండో రాతలోనే. రచయితే తన పాత్రలను అంతటితో వదలలేకపోతే పాఠకుడు ఎందుకు వదలాలి?

సరే. పెట్టె నిండింది. నిండినదాన్ని సర్దాలనిపించడం ఉపాధ్యాయుడి జబ్బు. ఒక పెద్ద కాగితంమీద గళ్ళు గీశాను. మూలంలో అన్యాయమైపోయిందనిపించిన పాత్రకు న్యాయం చేసినవి ఒక గడి. బుచ్చమ్మమీద రాసినవన్నీ యించుమించు యిందులోకే వచ్చాయి. మూలంలోని దుర్మార్గుణ్ణి గంగలో ముంచి తీసినవి ఇంకొకటి. గిరీశానికి పశ్చాత్తాపం కలిగి రాత్రిబడి పెట్టాడని రాసిన కుర్రవాళ్ళు ముగ్గురున్నారు. పేరు తప్ప మూలంతో ఏ సంబంధమూ లేనివి మరొకటి; వీటిలో రామప్పంతులు పేరు తీసి ఏ కాంట్రాక్టరు పేరు పెట్టినా కథకు నష్టం లేదు. రచయిత తానే వేషం మార్చుకొని పరాయి కథలోకి వచ్చి, అందరిచేత మర్యాదలు చేయించుకొని పోయేవి చివరి గడి. దానికి ‘చుట్టపుచూపు పాత్రలు’ అని పేరు పెట్టాను.

ఈ చివరిదానికి ఇంగ్లీషులో ‘మేరీ స్యూ’ అని పేరుంది. 1973లో అమెరికాలో పౌలా స్మిత్ అనే ఆమె, స్టార్ ట్రెక్ టెలివిజన్ కథల అభిమానుల పత్రికలో ఒక చిన్న వెక్కిరింత కథ రాసింది. అందులో మేరీ స్యూ అనే పదిహేనున్నరేళ్ళ పిల్ల ఆకాశనౌకలో లెఫ్టినెంటు. ఆమెకు రాని విద్య లేదు, ఆమెను మెచ్చనివాడు లేడు, చివరికి చచ్చిపోతే ఏడవనివాడు లేడు. అభిమానులు అప్పట్లో రాస్తున్న కథలమీద వేసిన చురక అది. బాగా తగిలింది. ఆ పేరు అప్పటినుంచీ ముద్రగా వాడుకలో వుంది. తర్వాత కొందరు ఆడవాళ్ళు ఒక ప్రశ్న వేశారు: అన్నీ వచ్చిన మగవాణ్ణి కథానాయకుడంటారు, అన్నీ వచ్చిన ఆడపిల్లను మేరీ స్యూ అంటారేమి? నేను యీ ప్రశ్న చదివాను, న్యాయంగా వుందనుకొన్నాను, పక్కన పెట్టి నా గళ్ళు నేను నింపుకొన్నాను.

కాలేజీ లెక్చరరు కొడుకొకడు రాసిన కథలో సౌజన్యారావు పంతులు దగ్గర ఒక జూనియరు ప్లీడరు వుంటాడు. ఇరవై రెండేళ్ళవాడు. గిరీశం ఇంగ్లీషును అతడు ఇంగ్లీషుతోనే చిత్తు చేస్తాడు. బుచ్చమ్మను చదువుకు పంపే ఏర్పాటు చేస్తాడు. పంతులుగారికి తోచని న్యాయసూత్రం అతడికే తోస్తుంది. కథ నడిచిందంటే అతడివల్లే. ఇది విని నేను పావుగంట మాట్లాడాను. నాటకంలో సంస్కర్తల తరం వుంది గాని, ఆ తర్వాతి తరం లేదనీ, ఆ లోటు యీ పాత్ర తీర్చిందనీ చెప్పాను. అతడికోసం కాగితంమీద ఒక కొత్త గడి కూడా గీశాను: ‘కాలం కోరిన పాత్ర’.

మరో రెండు వారాలకు డిప్లొమా రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకర్తె చదివింది. గొంతు చిన్నది. మధ్యలో రెండు బండ్లు పోయాయి. ఆమె తీసుకొన్నది పూటకూళ్ళమ్మను. నాటకం తెలిసినవాళ్ళకు గుర్తుంటుంది: గిరీశం ఆమె అన్నం తిని, సామానుకిచ్చిన ఆమె డబ్బు మధురవాణికి తగలేస్తాడు. సంగతి తెలిసి ఆమె చీపురుకట్ట పట్టుకొని మధురవాణి యింటికి వస్తుంది. ఎన్ని తరాలనుంచో జనం ఆ చీపురుకట్టకు నవ్వుతున్నారు. అమ్మాయి కథలో ఆ యింటి పెరట్లో అంట్లు తోమే పిల్ల వుంది. ఆ పిల్లకు లోపలికి రావడానికి వీల్లేదు. గుండిగలు బయటికి దొర్లిస్తే తోమి, కడిగి, ఎండబెడుతుంది. ఎంగిలి విస్తళ్ళు పెరట్లోకి వచ్చి పడతాయి. వాటిని ఎత్తిపోసే ముందు లెక్కపెట్టి గోడమీద బొగ్గుతో గీతలు గీస్తుంది. లోపల డబ్బిచ్చినవాళ్ళ లెక్క అమ్మగారు అంటుంటే వింటుంది. రెండు లెక్కలకీ రోజుకు రెండు విస్తళ్ళ తేడా వస్తోంది. నెలల తరబడి వస్తోంది. ఒకనాడు ఆ పిల్ల గోడ చూపిస్తుంది. అమ్మగారు చీపురు అందుకొంటుంది.

నేను ఏమన్నానో యథాతథంగా రాస్తున్నాను: “ఇది చుట్టపుచూపు పాత్రమ్మా. అందరికన్నా తెలివైనది, అందరికీ తెలియనిది దానికి తెలుసు, గురజాడ కథనే అది నడిపిస్తోంది. నువ్వే గదా యిది?” అందరూ నవ్వారు. వాళ్ళమ్మ పాలిటెక్నిక్ పిల్లలకు భోజనాల మెస్సు నడుపుతుందని అందరికీ తెలుసు. నాకూ తెలుసు, తెలుసు గనకనే ఆ మాట నోటికి వచ్చింది. అమ్మాయి కాగితాలు మడిచి సంచిలో పెట్టుకొంది. తర్వాత అయిదు ఆదివారాలు రాలేదు. పరీక్షలేమో అనుకొన్నాం.

నా తప్పు నాకు ఎవరూ చెప్పలేదు. వ్యాసంగా రాద్దామని ఆ కాగితాన్ని సాపు చేస్తూవుంటే జూనియరు ప్లీడరూ, అంట్లు తోమే పిల్లా ఒకే పుటలో పైనా కిందా వచ్చారు. ఆ కుర్రవాడు అందరికన్నా తెలివైనవాడు. అందరికీ తెలియనిది అతడికి తెలుసు. గురజాడ కథను అతడే నడిపించాడు. పైగా వాణ్ణి రాసిన కుర్రవాడు లా చదవాలనుకొంటున్నాడు. పిల్లమీద నేను మోపిన నేరాలన్నీ ప్లీడరుమీద అక్షరం పొల్లుపోకుండా వర్తిస్తాయి. తేడా ఒక్కటే: అతడు చదువుకొన్నవాడు, ఆమె బొగ్గుతో గీతలు గీసేది. తెలివి ప్లీడరుకుంటే సహజమనీ, అంట్లదానికుంటే రచయిత్రి తగిలించిందనీ నేను అనుకొన్నాను. మార్గరెట్ హార్క్‌నెస్ నవల చదివి 1888లో ఎంగెల్స్ ఆమెకు రాసిన ఉత్తరం గురించి నేనెన్ని తరగతుల్లో చెప్పానో! కార్మికవర్గం ఆ నవలలో తనకు తాను ఏమీ చేసుకోలేని గుంపుగానే కనిపిస్తోందని ఆయన అందులో ఎత్తిచూపాడు. బల్లకు యివతల నిలబడి చెప్పడం సులువు.

మన లాక్షణికులు నాయికలను ఎనిమిది రకాలన్నారు. స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక. మగవాడు దగ్గరున్నాడా, దూరమయ్యాడా, మోసం చేశాడా, తానే వెళ్ళిందా అన్నదే ఆ లెక్క. ఎనిమిదిమందిలో ఒక్కతెకూ చెయ్యవలసిన పని లేదు. యీ మాట నేనే క్లాసులో అని పిల్లల్ని నవ్వించేవాణ్ణి. తీరా నేను గీసిన గళ్ళూ అదే పని చేశాయి: ఎవరు కథకు తగినవాళ్ళో ముందే తేల్చుకొని, ఆ తర్వాత కొలిచాయి. వర్గీకరణ వద్దని నేననను. అది లేకపోతే విమర్శ అంటే బాగుంది, బాగులేదు అనడమే అవుతుంది. కాని అభిమానులు రాసినదాన్ని చూసి ‘ఈ పాత్ర ఎవరిలా వుంది?’ అని అడిగితే రచయిత యింటి చిరునామా తప్ప ఏమీ తెలియదు. మూలంలో యే చోటు ఖాళీగా వుంటే యీ పాత్ర వచ్చి కూర్చుందో అడగాలి. పూటకూళ్ళయిల్లు నడవాలంటే అంట్లు ఎవరో తోమి తీరాలి. నాటకంలో వాళ్ళు మనకు కనిపించరు. ప్లీడర్లు మాత్రం కనిపిస్తారు. అమ్మాయి పాత్ర చుట్టపుచూపుగా రాలేదు. ఉద్యోగం ఖాళీగా వుంటే వచ్చి చేరింది. ఇంకొక మాట. చీపురుకట్ట అందుకొనేముందు పూటకూళ్ళమ్మకు అసలు సంగతి ఎలా తెలిసిందని నేను ఇన్నేళ్ళలో ఒక్కసారీ నిలిచి ఆలోచించలేదు.

మర్నాడు మధ్యాహ్నం మెస్సుకు వెళ్ళాను. పిల్లలు తిని వెళ్ళిపోయారు. “కూకోండి మాస్టారూ, ముందు తినీసి తరవాత మాటాడండి” అని వాళ్ళమ్మ కంచం పెట్టింది. ఆనపకాయ కూర, చారు. అమ్మాయి బల్ల తుడుస్తోంది. నేను పొరపాటు చేశానని చెప్పాను. ప్లీడరు సంగతి కూడా దాచకుండా చెప్పాను.

“ఆ పిల్ల నేను కాదు మాస్టారూ” అంది. “మా అమ్మమ్మ వాళ్ళమ్మ. విజయనగరంలో ఒక హోటలు పెరట్లో తోమీదట. విస్తళ్ళ లెక్క ఆవిడదే. నాకు అంత లెక్క రాదు, మా అమ్మే ఫోనులో వేస్తాది.” కాస్త ఆగి, “లాయరుబాబుని యే గడిలో ఎట్టారన్నారు?” అని మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. ఆమె నవ్వలేదు.

లేవబోతుంటే ఆమె నన్నొక సాయం అడిగింది. కథలో ఒక చోట ఆ పిల్ల జీతం చెప్పాలి. వాళ్ళ ముసలమ్మకు డబ్బు యిచ్చేవారో, మిగిలిన అన్నమే యిచ్చేవారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఆ రోజుల కూలిరేటు కన్యాశుల్కంలో ఎక్కడైనా వుంటుందా?

ఆ రాత్రి పుస్తకం ముందేసుకొని మొదటినుంచీ వెతికాను. పెళ్ళికూతుళ్ళ వెల వుంది, వందల్లో, దానికోసమే కదా నాటకం. తాకట్లున్నాయి, అప్పులున్నాయి, కోర్టు ఖర్చులున్నాయి. అంట్ల కూలి నాకు దొరకలేదు. సంగతి ఆమెకు చెప్పాను. పోయిన ఆదివారం ఆమె వచ్చి కథ మొత్తం చదివింది. జీతం చెప్పవలసిన చోట ఏమీ రాయకుండా వదిలేసి, ఒక్క క్షణం ఆగి, కింది వాక్యానికి పోయింది. అప్పుడు బండి ఏదీ పోవడంలేదు.