మామయ్య లెన్సులకు కొత్త కెమెరా

చిట్యాల అనగానే చాలామంది నల్లగొండ జిల్లాలో విజయవాడ రోడ్డు మీదున్న చిట్యాల అనుకుంటారు. మాది అది కాదు. ఇదివరకు వరంగల్ జిల్లాలో ఉండి, 2016లో కొత్త జిల్లాలు చేసినప్పుడు భూపాలపల్లి కిందికి వచ్చిన చిట్యాల. హనుమకొండ నుంచి పరకాల మీదుగా బస్సులో రావాలి. దారిలో పత్తి చేలు, మిరప తోటలు. "మీ ఊళ్లో చూడ్డానికేముంది?" అని మా పుట్టింటివాళ్లు అడిగితే మొదట్లో నాకు జవాబు దొరికేది కాదు. ఇప్పుడు దొరికింది. అది దొరకడానికి ముందు నేనొక కెమెరా కొనవలసి వచ్చింది. మీ ఇంట్లో కూడా బీరువా అడుగున పాత కెమెరా ఒకటి పడి ఉంటే ఈ కథ మీకు పనికొస్తుంది.

మా మామయ్య ఊళ్లో ఫోటో స్టూడియో నడిపేవారు. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు, బడి పిల్లల గ్రూపు ఫోటోలు అన్నీ ఆయనవే. సెల్‌ఫోన్లు వచ్చాక స్టూడియో మూతబడింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆయనా పోయారు. మిగిలింది ఒక నికాన్ ఎఫ్ఎం10 కెమెరా, మూడు లెన్సులు. 35-70 జూమ్ ఒకటి, 50 ఎంఎం ఒకటి, దూరానికి 135 ఎంఎం ఒకటి. అత్తమ్మ వాటిని పాత లుంగీలో చుట్టి, తాళం వేసి దాచింది.

2023లో దసరాకు ఇల్లు దులుపుతుంటే మా వారన్నారు, "ఆ సామాను ఉన్నకాడికి అమ్మేద్దాం" అని. అడిగి చూస్తే ఎవరూ రెండు వేలు దాటలేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టుంది. అప్పుడు అత్తమ్మ మెల్లగా ఒక మాటంది.

"మీ మామ ఊరందరికి ఫోటోలు తీసిండు గని నన్ను నిలవెట్టి ఒక్క ఫోటో తియ్యలె బిడ్డా. నైన్‌పాక గుడికాడ తీస్తనన్నడు. పొయ్యేదాక గదే మాట."

ఇల్లంతా వెతికాను. నిజమే! పెళ్లి ఫోటోలో తలవంచుకుని ఉంది, తక్కినవన్నీ గుంపులో చివరన. మా పెద్దోడు "ఫోన్ల తీస్తే అయిపాయె గదమ్మా" అన్నాడు. అయిపోతుంది, కాదనను. కానీ మామయ్య లెన్సుతో తీస్తే ఆయన మాట ఆయన చెల్లించినట్టుంటుందని నాకనిపించింది. ఫిలిం రీలు కొనాలన్నా, కడిగించాలన్నా ఇప్పుడు మాకు పట్నమే దిక్కు. అందుకని ఆ లెన్సులు పట్టే డిజిటల్ బాడీ ఒకటి కొందామనుకున్నాను. నా దగ్గర చిట్టీ ఎత్తిన 40 వేలున్నాయి. కమ్మలు చేయించుకుందామని దాచుకున్నవి. మా వారు ఏమీ అనలేదు గానీ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

మూత పట్టింది, విజిల్ రాలేదు

లెన్సులు తువ్వాలులో చుట్టుకుని, పెద్దోణ్ణి వెంటబెట్టుకుని ముందు హనుమకొండ వెళ్లాను. దుకాణంలో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమని ఒక చిన్న బాడీ చూపించారు. మామయ్య 50 ఎంఎం లెన్సు టక్కున పట్టింది. మా వాడి మొహం వెలిగిపోయింది. తీరా చూస్తే కెమెరాకు వెలుతురు కొలవడం రావడం లేదు! మూత సరిగ్గానే పట్టిన కుక్కర్ విజిల్ వేయకపోతే ఎట్లా ఉంటుంది? అట్లా ఉంది. ఫోటో పడుతుంది, కానీ వెలుతురు లెక్కంతా మనమే అంచనా కట్టుకోవాలి. "పాతవి పక్కన పెట్టండమ్మా, కొత్త లెన్సుతో కలిపి సెట్ తీసుకోండి" అన్నాడు దుకాణం అబ్బాయి. దండం పెట్టి బయటపడ్డాను.

ఆ తర్వాత తెలిసిన వాళ్లను అడిగి సంగతి తెలుసుకున్నాను. నికాన్ వాళ్లు 1959లో పెట్టిన పట్టునే చాలా ఏళ్లు మార్చకుండా ఉంచారు. అందుకే పాత లెన్సు కొత్త బాడీకి ఎక్కుతుంది. అయితే లెన్సు మీద తిప్పే ఉంగరం ఏ అంకె దగ్గరుందో బాడీకి చెప్పడానికి పట్టు అంచున ఒక చిన్న మీట ఉండాలి. 1977 తర్వాత వచ్చిన ఏఐ రకం లెన్సులు ఆ మీటను కదుపుతాయి. డి3000, డి5000 వరసల్లోని చవక బాడీలకు ఆ మీట లేదు. డి7000, డి7100, డి7200లకు ఉంది. వాటి తర్వాత వచ్చిన డి7500కు మళ్లీ తీసేశారు! డి610, డి750 లాంటి పెద్ద బాడీలకు ఉంది. కాబట్టి అంకె పెద్దదైతే అన్నీ ఉంటాయనుకోకండి. ఇంకో జాగ్రత్త. 1977కు ముందు లెన్సును అట్లాగే బిగిస్తే ఆ మీట విరగొచ్చు. ముందు తెలిసినవాళ్లకు చూపించండి.

కోఠిలో ఒక రోజు

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్, అక్కడి నుంచి కోఠి. దారిలో పెద్దోడికి నాకు తెలిసిన ఒక సంగతి చెప్పాను. ఆరో నిజాం దగ్గర ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్, 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసమే ఒక జనానా స్టూడియో పెట్టించారు. పరదా స్త్రీలు మగవాళ్ల ముందుకు రారు గనుక దాన్ని ఒక ఇంగ్లీషు దొరసాని నడిపేది. "అంటే ఆడవాళ్ల ఫోటోలు ఆడవాళ్లే తియ్యాలె గదా, ఇగ నువ్వే మా దొరసానివి" అన్నాడు వాడు. రైల్లో అందరూ నవ్వారు.

కోఠిలో నా ముందుకు రెండు దారులొచ్చాయి.

ఒకటి మిర్రర్‌లెస్ కెమెరా. లోపల అద్దం ఉండదు గనుక లెన్సు పట్టుకూ సెన్సార్‌కూ మధ్య దూరం చాలా తక్కువ. నికాన్ పాత పద్ధతిలో ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు. కొత్త నికాన్ జెడ్‌లో 16, సోనీలో 18. మిగిలిన దూరాన్ని అడాప్టర్ అనే ఉంగరంతో నింపితే పాత లెన్సు పనిచేస్తుంది. తెర మీద బొమ్మను పెద్దది చేసుకుని ఫోకస్ సరిచూసుకోవచ్చు. కళ్లజోడు పెట్టుకునే నాలాంటి వాళ్లకు అది వరం. మీ ఇంట్లో పాత కానన్ ఎఫ్‌డి, మినోల్టా, యాషికా లెన్సులుంటే ఇదే మంచి దారి. పెంటాక్స్ వాళ్ల కె పట్టు లెన్సులైతే పెంటాక్స్ డిజిటల్ బాడీకే నేరుగా ఎక్కుతాయి.

రెండోది, వాడిన డి610. 2013లో వచ్చిన మోడల్. మీట ఉంది. లెన్సు వివరాలు ఒకసారి నమోదు చేసి పెట్టుకోవచ్చు. ఫోకస్ కుదిరితే చూసే కంతలో చిన్న చుక్క వెలుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, దీని సెన్సార్ పాత ఫిలిం ముక్కంతే, 36 × 24 మిల్లీమీటర్లు. చిన్న సెన్సార్ బాడీలో అదే 50 లెన్సు 75 లెన్సులా అయిపోతుంది. పెద్ద పెనం మీద దోశను చిన్న పళ్లెంలో పెడితే అంచులు బయటికి పోవూ! అట్లాగే బొమ్మ చుట్టూ కోసుకుపోతుంది. మామయ్య 35-70 జూమ్‌లో విశాలంగా కనిపించేదంతా పోతే ఇక దాన్ని ఉంచుకుని ఏం లాభం?

ఆ సైజు సెన్సార్ ఉన్న మిర్రర్‌లెస్, అడాప్టరుతో కలిపి నా 40 వేలకు అందలేదు. అందుకే డి610. బేరమాడితే 36 వేలకు ఇచ్చారు. పాత బాడీ కొనేటప్పుడు ఏం చూడాలో మీరూ రాసుకోండి. షటర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగాలి (దీన్ని లక్షా యాభై వేలకు పరీక్షించారు). ఉంగరం 16 దగ్గర పెట్టి తెల్ల గోడను ఫోటో తీసి మచ్చలున్నాయేమో పెద్దది చేసి చూడాలి. బ్యాటరీ ఉబ్బిందేమో తడిమి చూడాలి. ముఖ్యంగా మీ లెన్సులు మీరే తీసుకెళ్లి అక్కడే పెట్టి తీసి చూడాలి. జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు చీర వెంట తీసుకెళ్లమూ?

అక్కడే ఒక బాధ కూడా తెలిసింది. టార్చి వేసి చూస్తే 135 లెన్సు లోపల సాలెగూడులా బూజు. తప్పు మాదే. తేమకు లుంగీలో చుట్టి ఏళ్లు ఉంచాం. తక్కిన రెండూ శుభ్రంగా ఉన్నాయి.

నాలుగు వాకిళ్ల గుడి

నైన్‌పాక మా చిట్యాల మండలంలోనిదే. ఆటోలో అత్తమ్మ, నేను, పెద్దోడు బయల్దేరాం. చివరి నిమిషంలో మా వారు కూడా వచ్చి డ్రైవర్ పక్కన కూర్చున్నారు.

ఆ గుడి సంగతి చాలామందికి తెలియదు. నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్లు. ఇట్లాంటి గుడిని సర్వతోభద్రం అంటారట. మధ్యలో ఒకే బండ, దానికి నాలుగు వైపులా నరసింహస్వామి, వేణుగోపాలుడు, బలరాముడు, సీతాలక్ష్మణులతో రాముడు. ఏ వాకిట నిలబడితే ఆ వైపు స్వామి దర్శనమిస్తాడు. లోపల చీకటి, జాగా తక్కువ. వెనక్కి జరగడానికి లేదు. 35 దగ్గర పెడితే బొమ్మ పూర్తిగా పట్టింది. చిన్న సెన్సార్ బాడీ కొని ఉంటే తలో, పాదాలో తెగిపోయేవి.

తర్వాత అత్తమ్మ. ముదురాకుపచ్చ చీర కట్టుకుంది. వాకిలి పక్కన నిలబెట్టి 50 లెన్సు పెట్టాను. మొదటి పది ఫోటోలు మసక. ఈ లెన్సుకు తనంతట తాను ఫోకస్ కుదరదు, చేత్తో తిప్పాలి. నా కళ్లజోడు అడ్డం, చెయ్యి వణుకు. కమ్మలు గుర్తొచ్చాయి, ఏడుపొచ్చింది. మా వారు దగ్గరికొచ్చి, "నాయిన ముందు కండ్లు చూసి తిప్పేటోడు, ముక్కు గాదు" అన్నారు. చిన్నప్పుడు స్టూడియోలో లైటు పట్టుకున్న మనిషి, అంతవరకూ ఒక్క మాట చెప్పలేదు! ఉంగరం 2.8 నుంచి 4కు మార్చి, కళ్ల మీద చుక్క వెలిగేదాకా తిప్పాను.

"కదలకు అత్తమ్మా" అన్నాను.

"మీ మామ గూడ గిట్లనే అనేటోడు, అందరికి" అని నవ్వింది. అప్పుడు నొక్కాను.

ఆ ఫోటోను హనుమకొండలో పెద్దది చేయించి మామయ్య ఫోటో పక్కన మేకు కొట్టబోయాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. "దండేసిన ఫోటో పక్కన నన్ను పెడ్తవా? నేనింక ఉన్న బిడ్డా!" అంది. ఎదురుగోడకు పెట్టాను. ఇప్పుడిద్దరూ ఎదురెదురుగా ఉన్నారు.

లెన్సులను ఇప్పుడు గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నాను. వాటి పక్కన కలరా ఉండలు పెట్టకండి, ఆ ఆవిరి అద్దానికి మంచిది కాదు. బియ్యం డబ్బాలోనూ వద్దు, పిండి దుమ్ము చేరుతుంది. నెలకోసారి బయటికి తీసి వాడండి. వాడని లెన్సుకే బూజు.

కమ్మలు ఇంకా కాలేదు. మా వాడలో ముసలమ్మలు మాత్రం ఒక్కొక్కరే మంచి చీర కట్టుకుని మా ఇంటికొస్తున్నారు, "నాది గూడ ఒకటి తియ్యి" అని.