తంగేడు చెక్క ఎవరి శాస్త్రం?

మొన్న మా కాలేజీలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివే అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు పట్టుకొచ్చింది. "మేడమ్, మొక్కల తెలుగు పేర్లు ఒకసారి చూడండి" అంది. తంగేడు చెక్క కషాయం మీద పరీక్ష. అగర్ పోసిన ప్లేటులో స్టెఫైలోకాకస్ పరిచి, చిన్న గుంటల్లో కషాయం వేసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచింది. తెల్లారి చూస్తే గుంట చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం. దాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, యాంటీబయాటిక్ వలయంతో పోల్చింది.

నాకు మా తాత లంద గుర్తొచ్చింది. సున్నంలో నానిన తోలును తంగేడు చెక్క నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టేవాడు. "చెక్క పట్టిన తోలు కుళ్లదు బిడ్డా" అనేవాడు. చెక్కలోని టానిన్లు తోలులోని ప్రోటీన్లను బిగించేస్తాయి. ఇక సూక్ష్మజీవులు దాన్ని తేలిగ్గా తినలేవు. ఆ కంపులో నిలబడి ఈ పని చేసినవాళ్లను ఊరు దూరం పెట్టింది. తోలు మాత్రం చెప్పులై, మోట బొక్కెనలై ఊళ్లోకి పోయింది. ఇప్పుడు తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. పువ్వుకు గౌరవం వచ్చింది. చెక్క కొట్టిన చేతికి రాలేదు.

రిపోర్టులో "సమాచారం ఇచ్చినవారు: స్థానికులు" అని ఉంది. ఎవరమ్మా ఈ స్థానికులు అని అడిగాను. తల దించుకుని "మా తాతే మేడమ్" అంది.

గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై అమెరికా 1995లో ఇచ్చిన పేటెంటును మన సీఎస్ఐఆర్ సవాలు చేసి, 1997లో రద్దు చేయించింది. పాత గ్రంథాలను ఆధారంగా చూపించింది. మంచిదే. కానీ అక్షరమే అందనివ్వని మనుషుల జ్ఞానానికి గ్రంథం ఎక్కడి నుంచి తేవాలి? సాహిత్యంలో పీహెచ్‌డీ చేసిన నేను కూడా లందను ఒక గ్రంథంగా ఇన్నాళ్లూ చదవలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంకో మాట. ప్లేటులో వలయం వచ్చినంత మాత్రాన అది మందు కాదు. ప్లేటులో చేసిన పని ఒంట్లో చేయకపోవచ్చు, హాని కూడా చేయవచ్చు. మనది కాబట్టి మినహాయింపు అడగొద్దు. పరీక్షించాల్సిందే. మన పేచీ పరీక్షతో కాదు, పేరు చెరిపేయడంతో.

నిన్న ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. "స్థానికులు" కొట్టేసి తాత పేరు, ఊరు, వృత్తి రాసింది.

"ఆయన్ని అడిగే రాశావా?" అన్నాను.

"అడిగాను మేడమ్. మాదిగ అని కూడా రాయమన్నడు."

జై భీమ్.